మినుము మొలిచేదాకా చదివిన పిల్లలు

రెండు బళ్ళను పోల్చి చూపించమని మీలో ఎవరికైనా పని అప్పజెబితే, కంప్యూటరు ముందు కూర్చోకముందే ఆ రెండు బళ్ళకూ వెళ్ళి మధ్యాహ్నం అన్నం తిని రండి. ఈ మాట నాకు చెప్పినవాళ్ళు లేరు. నేను ముందు పట్టిక వేసి, ఆ తరవాత అన్నం తిన్నాను. అప్పటికే పట్టిక నా చెయ్యి దాటిపోయింది.

మాది నేత కుటుంబం. నాన్న మగ్గం మీద కూర్చుంటే అమ్మ కండెలు చుట్టేది. ఇంటర్ తరవాత నన్ను చదివించలేదు. విజయవాడ వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో లెక్కలు రాయడానికి చేరాను. కొట్లో కంప్యూటరు పెట్టిన కొత్తలో దాన్ని నడపడానికి వచ్చిన కుర్రాడు వారానికోసారి సెలవు పెట్టేవాడు. ఆ సెలవుల్లో నేను నేర్చుకున్నాను. శాతాలు, సగటులు, ఒక పట్టికలోంచి ఇంకో పట్టిక తియ్యడం అన్నీ అలా పడుతూ లేస్తూ వచ్చినవే. ఆ నమ్మకంతోనే కాంట్రాక్టు ఉద్యోగానికి అర్జీ పెడితే, జిల్లాలోని సర్కారు బళ్ళ లెక్కలు చూసే ఆఫీసులో తీసుకున్నారు. మా పని వినడానికి చిన్నది. ప్రతి బడి నుంచీ ఫోన్ యాప్‌లో అంకెలు వస్తాయి. వాటిని వరసలో పెట్టి పైవాళ్ళకి పంపాలి. వరసలో మూడు గడులు ముఖ్యం. హాజరు ఎంత, పరీక్షలో సగటు మార్కు ఎంత, మధ్యలో బడి మానేసినవాళ్ళు ఎందరు. ఆ మూడోదాన్ని మా ఆఫీసులో బంట్రోతు నుంచి అధికారి దాకా అందరూ డ్రాపవుట్ అనే అనేవారు.

ఒక ఏడాది పైఅధికారుల నుంచి కొత్త ఆలోచన దిగింది. ఒకే రకం బళ్ళను జతలుగా తీసుకుని పోల్చాలి. జతలో మెరుగైన బడికి రెండు కొత్త గదులు, ఒక లెక్కల మాస్టరు. వెనకబడిన బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఎత్తేసి దగ్గర్లోని హైస్కూల్లో కలిపేస్తారు. చిన్న తరగతులు మాత్రం అక్కడే ఉంటాయి.

మా అధికారి ఎంచిన మొదటి జతలో ఒక బడి, లారీలు బాగుచేసే ఆటోనగర్ దాటాక, విజయవాడ ఎక్కడ అయిపోయిందో తెలియని చోట, మెయిన్ రోడ్డు పక్కన ఉంది. రెండోది పామర్రు అవతల కాలవ గట్టు మీద ఉంది. రెండూ ఎనిమిదో తరగతి దాకా ఉన్న బళ్ళే. టీచర్లు సమానం, పిల్లలు ఇంచుమించు సమానం. వాటి అసలు పేర్లు ఇక్కడ అనవసరం. ఒకటి రోడ్డు బడి, రెండోది కాలవ బడి.

పట్టిక వేసి ఇచ్చాను. మూడు గడుల్లోనూ రోడ్డు బడే పైన. హాజరు బాగుంది, మార్కులు బాగున్నాయి, డ్రాపవుట్ ఒక్కరూ లేరు. కాలవ బడిలో హాజరు ఎగుడుదిగుడు, సగటు మార్కు బాగా కింద, డ్రాపవుట్లు మా జిల్లాలో మరే బడికీ లేనంత మంది. అధికారి ఆ కాగితం చూసి ముచ్చటపడ్డారు.

"చూశారామ్మా! ఒకటే జీతాలు, ఒకటే పుస్తకాలు, ఒకటే బియ్యం. మరి తేడా ఎక్కడొచ్చింది? మనిషిలో వచ్చింది. ఇది మీటింగులో వెయ్యాలి. మీరు రెండు చోట్లకీ వెళ్ళి మంచి ఫోటోలు తెండి."

నన్ను పంపింది ఫోటోల కోసం. ఇది గుర్తుంచుకోండి. ఎందుకు తేడా వచ్చిందో చూసి రమ్మని మా ఆఫీసులో ఎవరూ ఎవరినీ ఎప్పుడూ పంపలేదు.

ముందు రోడ్డు బడికి వెళ్ళాను. హెడ్మాస్టరు గారు ఇస్త్రీ చొక్కాలో, నవ్వు మొహంతో గేటు దాకా ఎదురొచ్చారు. గోడల మీద బొమ్మలు, కుండీల్లో మొక్కలు, బోర్డు మీద ఆనాటి మంచి మాట. నిజంగానే శుభ్రంగా ఉంది. టీ తాగుతూ, మీ ఎనిమిదో తరగతి సగటు చాలా బాగుంది, ఏం చేస్తారండీ అని అడిగాను. మెచ్చుకోలుగానే అడిగాను.

"పెద్ద విద్యేం లేదు మేడమ్. లోడు తగ్గిస్తే బండి లాగుతుంది. పక్కనే ఆటోనగర్, ఎవర్నడిగినా చెప్తారు."

"లోడంటే?"

"టెస్టు రోజున కొందర్ని ఇంటి దగ్గరుండమంటాం. రాయలేరండీ పాపం. తెల్లకాయితం ముందేసుకుని కూచుంటే వాళ్ళకీ చిన్నతనం, మనకీ చిన్నతనం. రాసినవాళ్ళ మార్కులే కదా మీరు సగటు కట్టేది?"

ఔను. రాసినవాళ్ళ సగటే కడతాం. ఫారంలో అలాగే ఉంది.

"మరి డ్రాపవుట్ ఒక్కరూ లేరు. అదెలాగండీ?"

"వారం రోజులు రాకపోతే తండ్రికి కబురంపి టీసీ ఇచ్చేస్తాం. టీసీ తీసుకున్నవాడు మానేసినట్టు కాదు కదండీ, వేరే బడికి మారినట్టు."

"ఏ బడికి మారతారండీ?"

"అది తండ్రి ఇష్టం మేడమ్. మనం ఎలా చెప్తాం?" అని ఆయన బిస్కెట్ల ప్లేటు నా వైపు జరిపారు.

ఇందులో ఏ ఒక్కటీ ఆయన నా దగ్గర దాచలేదు. తప్పు చేసేవాడు దాచుకుంటాడని నేను అనుకునేదాన్ని. ఈయన మాత్రం మంచి వంట ఎలా చెయ్యాలో చెప్పినట్టు చెప్పారు. ఫోటోలు తీసుకుని వచ్చేశాను. తిరిగి వస్తున్నప్పుడు బస్సు ఆటోనగర్ దగ్గర ఆగింది. లారీల కింద పాకుతున్న కాళ్ళు కనిపించాయి. వాటిలో కొన్ని బడికి వెళ్ళే వయసు కాళ్ళు. వాళ్ళది ఆ బడేనని నేను చెప్పలేను. కాదని చెప్పడానికి ఆధారం మా ఆఫీసులో కూడా లేదు.

రెండు రోజుల తరవాత పామర్రు బస్సెక్కాను. పామర్రులో దిగి ఆటో పట్టుకున్నాను. ఆటో కూడా పోని చోట కాలవ గట్టు మీద నడిచాను. రెండు పక్కలా కోతలు నడుస్తున్నాయి. బడికి చేరేసరికి అన్నం వేళయింది. వరండాలో పిల్లలు రెండు వరసల్లో కూర్చున్నారు. వంటామె గరిటె పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఆఫీసు నుంచా అమ్మా? తిన్నారా?"

"లేదండీ."

"అయితే కూచోండి. రుచి చూసి బాలేదంటే రాసుకోండి, బావుంటే మాత్రం రాయరు మీ వాళ్ళు."

పిల్లల పక్కనే కూర్చున్నాను. ఒక వరసలో పిల్లలకు యూనిఫాం ఉంది. రెండో వరస చివర పదిహేను మంది దాకా మామూలు బట్టల్లో ఉన్నారు. జుట్టు ఎండకు ఎర్రబారి ఉంది. అందరూ తల వంచి, చుట్టూ చూడకుండా, త్వరత్వరగా తింటున్నారు. గుడ్డు మాత్రం ఆఖరికి దాచుకున్నారు.

అప్పుడే నాలుగో తరగతి వయసున్న ఒక పిల్ల, తమ్ముణ్ణి చంకనేసుకుని గేటు దగ్గర నిలబడి, లోపలికి రాకుండా కేకేసింది.

"టీచరమ్మా, నా పేరుండాదా?"

హెడ్మిస్ట్రెస్ గారు గదిలోంచి బయటికొచ్చారు. రిటైరయ్యే వయసు దగ్గర పడిన మనిషి. కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది, చేతిలో నెట్టు రాని ఫోను ఉంది, మొహంలో చిరాకు ఉంది.

"ఉందే తల్లీ, నిరుటి నుంచీ ఉంది. ఎక్కడికి పోతుంది? చెయ్యి కడుక్కుని కూచో. వాణ్ణి దింపు. ఎక్కాలు మర్చిపోలేదు కదా?"

"పన్నెండు దాకా వచ్చు."

"నిరుడు పదహారు దాకా చెప్పి వెళ్ళావ్. నాలుగు ఎక్కాలు బాతులు తిన్నాయా?"

పిల్లలందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వుతూ వచ్చి వరస చివర కూర్చుంది.

వాళ్ళు బాతులవాళ్ళ పిల్లలు. కోతలు మొదలవగానే నెల్లూరు వైపు నుంచి కొన్ని కుటుంబాలు బాతుల మందలు తోలుకుని డెల్టాలోకి వస్తాయి. కోసిన చేలో రాలిన గింజలు బాతులకు మేత. కానీ ఇక్కడ వరి కోసిన చేను ఊరికే ఉండదు, వెనకే మినుము వస్తుంది. మినుము మొలిచి రెండాకులు వేసిందంటే రైతు ఆ చేలోకి బాతును అడుగు పెట్టనివ్వడు. అప్పుడు మంద ఇంకో ఊరికి కదలాలి. మందతోపాటు గుడారమూ, గుడారంతోపాటు పిల్లలూ కదులుతారు. ఏ రోజు కదులుతారో ముందుగా వాళ్ళకే తెలియదు.

"వీళ్ళందర్నీ రిజిస్టర్‌లో రాశారా?" అని అడిగాను.

"రాయక?"

"పదిరోజులుండి పోయేవాళ్ళని కూడానా? వాళ్ళు వెళ్ళిన మర్నాటి నుంచీ మీకు గైర్హాజరు, నెల తిరిగితే డ్రాపవుట్. మీ బడిని కింద పడేసిందే ఈ లెక్కండీ!"

ఆవిడ వంటామె వైపు చూశారు. "నువ్వే చెప్పు."

వంటామె గరిటె గిన్నెలో పెట్టి చెప్పింది. "మూడేళ్ళ కిందట పేరు రాయకుండానే పెట్టామమ్మా. ఆకలితో గేటు కాడ నిలబడతారు, పెట్టకుండా ఎట్టా ఉంటాం? ఒకాయన తనిఖీకొచ్చాడు. బియ్యం తూచాడు, తగ్గాయి. గుడ్లు లెక్కేశాడు, తగ్గాయి. ఎవరు తిన్నారంటే బాతులోళ్ళ పిల్లలన్నాం. ఎక్కడున్నారన్నాడు. అప్పటికి ఎళ్ళిపోయారు. నేనింటికి మోసుకుపోయానని రాశాడు. మా ఇంటికొచ్చి డబ్బాలు తీసి చూశారు, అత్త ముందర, ఈధంతా చూస్తుండగా."

"అందుకని రాస్తున్నా," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. "అన్నం ఎలాగోలా సర్దొచ్చు. గుడ్డు సర్దలేం కదా? పేరు లేని పిల్లకి పెడితే ఈవిడ దొంగవుతుంది. పెట్టకపోతే నేను మనిషిని కాను. పేరు రాసి పెడుతున్నా. రాసినందుకు నా బడికి చెడ్డపేరొస్తే రానీ."

పక్కనే చెయ్యి కడుక్కుంటున్న లెక్కల మాస్టరు గారు ఊరుకోలేదు. "మా డ్రాపవుట్లు నడిచి పోరండీ, ఈదుకుంటూ పోతారు. పోయేటప్పుడు క్వాక్ అని చెప్పి మరీ పోతారు."

నవ్వొచ్చింది కానీ, నాకు లోపల లెక్క నడుస్తోంది. ఆ పిల్లలు పరీక్షలు కూడా రాస్తున్నారా అని అడిగాను. రాస్తారట. వద్దన్నా కూర్చుంటారట. పరీక్ష కాగితం చేతికి ఇవ్వడం వాళ్ళకు ఒక మర్యాదలా ఉంటుందట. ఏడాదిలో కొన్ని వారాలు చదివిన పిల్లకి వచ్చే ఆ కొద్ది మార్కులు కాలవ బడి సగటును కిందికి లాగుతున్నాయి. రోడ్డు బడిలో అలాంటి పిల్లలు పరీక్ష రోజున ఇంటి దగ్గర ఉంటున్నారు. ఆ సంగతి ఆవిడకు చెప్పాను.

నాకు ఒక ఉపాయం తట్టింది. "మేడమ్, ఈ పిల్లల్ని విడిగా తీసేసి మీ సగటు కట్టి చూపిస్తాను. మీరే పైకొస్తారు," అన్నాను ఉత్సాహంగా.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నన్ను సూటిగా చూశారు.

"వద్దు. వీళ్ళని తీసేసి నాకు మార్కులేస్తే, ఆ రోడ్డు మీది ఆయన చేసే పనే నేనూ చేసినట్టు కాదా? మీకు చేతనైతే ఆయన ఇంటికి పంపిన పిల్లల్ని తీసుకొచ్చి ఆయన లెక్కలో కూచోబెట్టండి. నా పిల్లల జోలికి రాకండి."

ఆ మాట నాకు సిగ్గుగానూ అనిపించింది, దారిగానూ అనిపించింది. మా నాన్న ఒక చీర నాణ్యం చూడాలంటే వెనక్కి తిప్పేవాడు. వెనకపక్క దారం ముళ్ళు ఎక్కువుంటే కొత్త బేరగాడు మొహం చిట్లిస్తాడు. నాన్న మాత్రం, ఇతను తెగిన ప్రతి పోగునూ పట్టుకుని అతికాడు అనేవాడు. ముడి ఒక్కటీ లేకపోతే చీరను వెలుతురుకు పట్టి చూసేవాడు. తెగిన పోగుల్ని వదిలేసిన చోట సన్నటి గీత వెలుతురులో బయటపడుతుంది. ముళ్ళు లేని ఆ నున్నటి చీరను మా ఆఫీసు ఎత్తి చూపిస్తోంది. ఆ సంగతి నాకు గట్టు మీద తిరిగి నడుస్తున్నప్పుడు తట్టింది. తట్టగానే ఒళ్ళు మండింది.

ఆఫీసుకొచ్చి రెండో పట్టిక వేశాను. ఎవరినీ తియ్యలేదు. రిజిస్టర్‌లో పేరుండి, ఆ వారం బడికొచ్చి కూడా పరీక్ష రాయని ప్రతి పిల్లకీ సున్నా వేసి, రెండు బళ్ళకీ అదే కొలతతో సగటు కట్టాను. టీసీ ఇచ్చిన ప్రతి పిల్లాడూ వేరే ఏ బడిలోనైనా చేరాడా అని వెతికి, ఎక్కడా చేరనివాణ్ణి మానేసినట్టే రాశాను. రోడ్డు బడి కిందికి దిగింది. కాలవ బడి ఉన్నచోటే ఉంది. దాని అంకెలు మొదటే నిజం గనక కదలాల్సిన పని దానికి లేదు.

మా సీనియర్ అసిస్టెంటు గారికి చూపించాను. ఆయన ఉద్యోగంలో ముదిరిన మనిషి, ఎప్పుడూ తమలపాకుతో ఉండేవారు. పట్టిక రెండుసార్లు చదివి నాకు తిరిగి ఇచ్చేశారు.

"అమ్మాయ్, నిన్ను పోల్చమన్నారు. ఆలోచించమన్లేదు."

"తప్పుందా అండీ ఇందులో?"

"తప్పు లేదు. అదే తప్పు. ఫార్మాట్ పైనుంచొచ్చింది. నువ్వు గడులు మార్చావ్. రేపు అన్ని బళ్ళకీ ఇలాగే వెయ్యమంటే జిల్లా మొత్తం ఎక్కడుంటుందో తెల్సా? సారు కుర్చీ ఎక్కడుంటుందో తెల్సా?"

అయినా అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన చెడ్డవారు కారు. నాకు కోపం తెప్పించింది కూడా అదే. ఓపిగ్గా చదివారు, తల ఊపారు. "మీరు చెప్పింది నిజమేనమ్మా, మంచి పాయింటే. మీటింగులో సందర్భం వస్తే చూద్దాం," అన్నారు.

మీటింగు విజయవాడలో ఒక ఏసీ హాల్లో జరిగింది. జిల్లాలోని హెడ్మాస్టర్లందరూ వచ్చారు. నేను పక్కన కంప్యూటరు దగ్గర కూర్చుని తెర మీద బొమ్మలు మారుస్తున్నాను. రోడ్డు బడి కుండీల ఫోటో రాగానే చప్పట్లు కొట్టారు. కాలవ బడి వరండా ఫోటో వచ్చాక, అంకెలు ఎర్ర రంగులో వచ్చాయి. ఆ ఎరుపు నేను పెట్టలేదు.

"ఈ బడి హెడ్మిస్ట్రెస్ గారు ఎవరండీ? లేచి కారణం చెప్పండి," అన్నారు అధికారి.

ఆవిడ లేచారు. బాతులవాళ్ళ సంగతి చెప్పడం మొదలుపెట్టారు. "కోతలప్పుడు బాతుల మందలొస్తాయండీ..." అనగానే వెనక వరసలో ఎవరో నోటితో బాతులా అరిచారు. హాలంతా నవ్వింది. రోజూ క్లాసులో ఇలా అరిచిన పిల్లాణ్ణి బెంచీ ఎక్కించే మనుషులు! అధికారి కూడా పెదవి బిగించి నవ్వు ఆపుకున్నారు. ఆవిడ నవ్వు ఆగేదాకా నిలబడి, మళ్ళీ మొదటి నుంచీ చెప్పారు. పేరు రాయకపోతే అన్నం పెట్టకూడదన్న మాట దాకా వచ్చేసరికి ఎవరూ వినడం లేదు, ఫోన్లు చూసుకుంటున్నారు.

నేను కుర్చీలోంచి లేచాను. "సార్, రెండో పట్టిక సిద్ధంగా ఉంది. వెయ్యమంటారా?"

ఆయన గడియారం చూసుకున్నారు. "తర్వాతమ్మా. లంచ్ చల్లారిపోతుంది."

లంచ్ బిర్యానీ పొట్లాలు. వరసలో నిలబడ్డాం. పంచుతున్న అతను నా మొహం కూడా చూడకుండా చేతిలో పొట్లం పెట్టాడు. నా పేరు ఏ కాగితం మీదైనా ఉందా అని అతను అడగలేదు. ఎవరినీ అడగలేదు. పిలవకుండా వచ్చిన డ్రైవర్లకీ ఇచ్చాడు, ఇంకా మిగిలితే మా ఆఫీసు మేనేజరు గారు ఇంటికి పట్టుకెళ్ళారు. ఆయన ఇంట్లో డబ్బాలు తీసి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

రోడ్డు బడి హెడ్మాస్టరు గారు పొట్లం పట్టుకుని ఆవిడ పక్కకి వచ్చారు. "మేడమ్, మీరు చాలా మంచివారండీ. కానీ మంచితనం యాప్‌లో ఎక్కదు. పేరు రాయకండి, వెళ్ళగొట్టండి, అంతే. నాల్రోజులు గేటు దగ్గర నిలబడి వాళ్ళే పోతారు."

 ఆవిడ పొట్లం విప్పకుండా సంచిలో పెట్టుకున్నారు. నాతో, "సాయంత్రం గుడారాలవైపు వెళ్తా. వాళ్ళెప్పుడూ ఇది తిని ఉండరు," అన్నారు.

లంచ్ తరవాత నా పట్టిక తెర మీదికి రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

జూన్‌లో కాలవ బడి పెద్ద తరగతుల్ని హైస్కూల్లో కలిపేశారు. మ్యాపు మీద అది దగ్గరే. నేల మీద మాత్రం కాలవ చుట్టి, లారీలు ఆగకుండా తిరిగే రోడ్డు దాటి వెళ్ళాలి. మగపిల్లలు సైకిళ్ళ మీద వెళ్ళారు. కొందరు ఆడపిల్లలకు ఇంట్లోవాళ్ళు ఆటో మాట్లాడారు. మిగిలినవాళ్ళు వరి నాట్లకి, కలుపుకి వెళ్ళారు. హెడ్మిస్ట్రెస్ గారిని ఇంకో మండలానికి బదిలీ చేశారు. రోడ్డు బడికి రెండు గదులు వచ్చాయి, లెక్కల మాస్టరు కూడా వచ్చారు. ఆయన ఎవరో కాదు, మా కాలవ బడి మాస్టరే. ఫోన్ చేసి, "ఇక్కడ ఈత రానివాళ్ళని ముందే ఒడ్డున దింపేస్తారండీ," అన్నారు. ఆ ఒక్కసారి మాత్రం ఆయన జోకుకి నవ్వలేకపోయాను.

అదే ఏడాది డిసెంబరులో కాలవ బడి అంకెలు నా ముందుకు వచ్చాయి. హాజరు పెరిగింది. సగటు పెరిగింది. డ్రాపవుట్లు లేరు. అధికారి ఉప్పొంగిపోయి, "చెప్పానా అమ్మా, మనిషి మారితే బడి మారుతుందని!" అన్నారు. గణనీయమైన మెరుగుదల సాధించినందుకు ఆ బడికి ప్రశంసా పత్రం ఇవ్వాలన్నారు. అది పట్టుకెళ్ళి ఇచ్చి, ఫోటో తీసి తెమ్మని నన్నే పంపారు.

మళ్ళీ కోతల రోజులు. మళ్ళీ అన్నం వేళకే చేరాను. వరండాలో ఒక్కటే వరస ఉంది, అందరికీ యూనిఫాం ఉంది. గేటు మూసి గడియ పెట్టి ఉంది. గేటు బయట బాతులవాళ్ళ పిల్లలు నిలబడి ఉన్నారు. అరవడం లేదు, అడగడం లేదు. లోపల గిన్నె ఎటు కదిలితే అటు చూస్తున్నారు.

వంటామె నా దగ్గరికి వచ్చి మాట తగ్గించి చెప్పింది. "నావైపట్టా చూడకండమ్మా. కొత్త మేష్టరు పేరు రాయనన్నాడు. మళ్ళీ దొంగననిపించుకునే ఓపిక నాకు లేదు. మిగిలిన అన్నం కుక్కలకేసినా ఎవరూ అడగరు, వీళ్ళకేస్తే అడుగుతారు."

నేను గేటు దగ్గరికి వెళ్ళాను. నిరుటి పిల్ల అక్కడే ఉంది. తమ్ముడు ఇప్పుడు చంక దిగి పక్కన నిలబడ్డాడు. నా భుజాన సంచి, చేతిలో కాగితం చూసి నన్ను టీచరనుకుంది.

"మేడమ్, నా పేరుండాదా?"

నా చేతిలో ఉన్న కాగితం ఆ పేరు లేకుండా చేసినందుకు ఇచ్చే ప్రశంసా పత్రం.    "ఎక్కాలు ఎంత దాకా వచ్చు?" అని అడిగాను.

"పదహారు," అంది వెంటనే. "పదిహేడు సగం."

కొత్త మాస్టారు పిల్లల్ని వరండా ముందు నిలబెట్టి, ప్రశంసా పత్రం పట్టుకుని మధ్యలో నిలబడ్డారు. నేను ఫోన్ ఎత్తాను.

"కొంచెం ఇటు జరగండి మేడమ్. గేటు పడకూడదు."

నేను జరగలేదు. గేటు పడేలాగే తీశాను. ఆఫీసుకి అదే పంపాను. ఆ నెలాఖరుకి కాంట్రాక్టు మళ్ళీ రాయమంటే రాయనన్నాను. సీనియర్ అసిస్టెంటు గారు చాలాసేపు నచ్చజెప్పారు. "నువ్వు పోతే నీ కుర్చీలో ఇంకోళ్ళు కూచుంటారు. ఫార్మాట్ మారదు. నీ పౌరుషానికి జీతం ఎవరిస్తారమ్మాయ్?" ఆయన అన్నది నిజమే. మీరు ఇప్పుడు కూర్చున్నది ఆ కుర్చీలోనే. నేను వన్ టౌన్‌లో మళ్ళీ బట్టల కొట్టు లెక్కలు రాస్తున్నాను. ఇక్కడ చీర నాణ్యం చెప్పేముందు కనీసం ఒకసారి విప్పి చూస్తారు.

ఆ ఏటి నివేదిక పుస్తకం తరవాత చూశాను. మొదటి పేజీలోనే రంగుల్లో ఆ ఫోటో వేశారు. గేటు వైపు అంచు కత్తిరించారు. ఎవరో శ్రద్ధగానే కత్తిరించారు గానీ, చివర కాస్త మిగిలింది. ఎడమ పక్క ఒక ఇనప ఊచ, దాన్ని పట్టుకున్న ఒక చెయ్యి ఉన్నాయి. మోచేతి దగ్గర బొమ్మ ఆగిపోయింది.

ఆ పుస్తకం మీ ఆఫీసు బీరువాలోనే ఉంటుంది. తీసి చూడండి. ఆ ఫోటోలో పిల్లలెందరో లెక్కపెట్టండి. ఆ చేతిని కూడా కలపండి.